రుమాలు రెండో కొస

నా చిన్నప్పుడు రోజూ పొద్దున్నే మా తాతయ్య రుమాలు రెండో కొస పట్టుకుని వాకిట్లో నిలబడడం నా పని. తలపాగాను మా ఇబ్రహీంపట్నం వైపు రుమాలనే అంటారు. తాతయ్యది తెల్లటి సన్న నూలు గుడ్డ. పొడవుగా మడిచి పట్టుకుంటే వాకిలి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చేది. ఒక కొసను ఆయన కణత దగ్గర అదిమిపెట్టుకుని, "పట్టుకో బిడ్డా, గట్టిగ" అనేవాడు. నేను రెండో కొస రెండు చేతులా పట్టుకుని కొంచెం వెనక్కి వాలి నిలబడేదాన్ని. ఆయన ఒక్కో చుట్టు చుట్టుకుంటూ ఉంటే మా మధ్య గుడ్డ తగ్గుతూ వచ్చేది. నేను మెల్లగా ఆయన వైపు నడిచేదాన్ని. ఆఖరున నా చేతిలోని కొస తీసుకుని చెవి పైన దోపుకునేవాడు. అప్పటికి నా ముఖం ఆయన పంచెకు తగిలేంత దగ్గరగా ఉండేది. పిల్లల్ని ఎత్తుకోవడం, ముద్దు చేయడం మా తాతయ్యకు చేతకాదు. ఆయన దగ్గరికి పోవడానికి ఆ ఇంట్లో నాకు దొరికిన దారి ఆ గుడ్డే.

ఆ గుడ్డలోంచి ఆయన నాకు తెలిసేవాడు. కోర్టుకు పోయే రోజు అది తీగలా బిగుసుకునేది. ఒంట్లో బాగా లేని రోజు మధ్యలో వేలాడేది. కోపం, నీరసం, తొందర, అన్నీ నా పిడికిట్లోకి వచ్చేవి. నవ్వు ఒక్కటి ఎప్పుడూ రాలేదు.

మాది పటేళ్ల ఇల్లు. తాతయ్య తండ్రి కాలంలో మా గడప ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచేవారట. నేను పుట్టేసరికి అన్నదమ్ముల దావాలో భూములు పోయాయి, అప్పీలు ఒక్కటి మిగిలింది. ఆ వెనకే పటేల్‌గిరి, అంటే ఊరి పెత్తనం, దాయాదుల ఇంటికి పోయింది. ఎడ్ల కొట్టంలో ఎడ్లు లేవు. ఇంటి వెనక భాగం వానకు కూలితే, అటు పోయే తలుపుకు తాళం వేసి ఊరుకున్నారు. అయినా గుమ్మం దాటి బయటికి వచ్చేటప్పుడు వీపు నిటారుగా ఉండాలన్నది మా ఇంటి చట్టం. ఆ చదువు నాకు బాగానే అబ్బింది. ఇవాళ్టికీ హయత్‌నగర్ బస్సులో ఎవరైనా లేచి "కూసో పెద్దమ్మా" అంటే, మోకాళ్లు ఎంత బతిమాలినా నిలబడే వస్తాను.

మా నాయనమ్మ పోయిన ఏడాది తాతయ్య మరీ ఒంటరివాడయ్యాడు. పంచాయితీల కోసం మా అరుగు మీద కూచునే మనుషులంతా కొత్త పటేలు అరుగు చూసుకున్నారు. ఆదివారం సాయంత్రాలు మాదిగవాడ నుంచి గాలికి పాటలు వచ్చేవి. అక్కడ ఒక రేకుల కప్పు కింద ప్రార్థన జరిగేది. పాస్టరు గారు హయత్‌నగర్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవారు. అందరూ ఆయన్ను అయ్యగారు అనేవారు. మొదట్లో ఆ పాటలు వినబడితే తాతయ్య విసుక్కుని లోపలికి వెళ్లేవాడు. కొన్నాళ్లకు పాట మొదలయ్యే వేళకే అరుగు మీదికి వచ్చి కూచోవడం నేను గమనించాను. ఒక ఆదివారం లేచి, చెప్పులు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా అటు నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను.

చాపల మీద కూచున్న వాళ్లంతా ఆయన్ను చూసి దిగ్గున లేచారు. అక్కడ ఉన్నది ఒక్కటే కుర్చీ, అది అయ్యగారిది. దాన్నే తెచ్చి వేశారు. తాతయ్య కూచున్నాడు. ప్రార్థన మొదలుపెట్టే ముందు మగవాళ్లు తల గుడ్డలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు, ఆడవాళ్లు తల మీద కొంగు కప్పుకున్నారు. తాతయ్య రుమాలు తల మీదే ఉంది. తీయమని ఎవరూ అడగలేదు. వానలు పోయి చలి వచ్చేదాకా ప్రతి ఆదివారం అంతే, ఆ కుర్చీ, ఆ రుమాలు. కాని వినడం మాత్రం ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాడు. యేసు తువ్వాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన సంగతి అయ్యగారు చెప్పిన రోజు, మధ్యలో ఆపి అడిగాడు.

"ఆయన కడిగిండా? గాళ్ల కాళ్లు?"

"అవ్ పటేలా. ఒక్కొక్కల్ని కూసోవెట్టి కడిగిండు."

మరునాడు పొద్దున తాతయ్య రుమాలు చుట్టుకుంటూ చుట్టుకుంటూ మధ్యలో ఆగిపోయాడు. నేను కొస పట్టుకుని ఎదురుచూస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం అయ్యగారు మా అరుగు దగ్గర సైకిల్ ఆపారు. తాను బాప్తిస్మం తీసుకుంటానని తాతయ్య చెప్పాడు. చెప్పి, ఎప్పటి నుంచో గొంతులో అడ్డం పడి ఉన్నట్టున్న మాట అడిగాడు.

"నేను పటేల్‌ని గాకపోతె ఇంకెవల్ని అయ్యా?"

"దేవుని కొడుకువి. గింతే."

"గింతేనా?"

"గింతే. గంతకన్న పెద్ద పటేల్‌గిరి నాకు దెల్వదు."

"మరి రుమాల్?"

"నీళ్లల్ల మునిగెటప్పుడు తీస్తవ్, తడుస్తది గద. ఆయెనక నీ ఇష్టం. యేసయ్య రుమాల్ అడుగుతలేడు పటేలా, నిన్ను అడుగుతుండు."

ఈ సంగతి తెలిసి మా నాయన అన్నం పళ్లెం ముందు నుంచి లేచాడు. ఆయన కోపిష్టి మనిషి కాదు. "భూమి పాయె, పటేల్‌గిరి పాయె. మనకు మిగిలింది గా రుమాలొక్కటె నాయినా. అది గూడ అందరి ముంగట తీస్తవా?" అన్నాడు. తాతయ్య "మునిగినంక మళ్ల కట్టుకొనే ఇంటికొస్త" అని మాట ఇచ్చాడు. మా నాయన నమ్మలేదు. నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు పో తాతతోని. రుమాల్ తడవకుంట పట్టుకో. ఒడ్డుకు రాంగనే కట్టిపియ్యి. ఉత్త నెత్తితోని ఊర్లకు రావద్దు, సమజైందా?" అన్నాడు. ఇంటి పరువు మొత్తం మడత పెట్టి నా చేతుల్లో పెట్టినట్టు అనిపించింది. గర్వంగా తలూపాను.

ఆదివారం పొద్దున పెద్ద చెరువుకు పోయాం. వాడ నుంచి కొందరు ఆడవాళ్లు కూడా బాప్తిస్మానికి వచ్చారు. వాళ్లలో మా వాకిలి అలికే ముసలమ్మ ఉంది. ఏళ్ల తరబడి మా వాకిలి అలికింది కాని, మా గడప లోపల ఏముందో ఆమెకు తెలియదు. అక్కడికి చేరేసరికి చెరువు కట్ట మీద జాతర లాగా జనం ఉన్నారు. పటేల్ మునుగుతాడని విని ఊరు ఊరంతా చూడవచ్చింది. మా దాయాదులు కూడా వచ్చి ముందు వరసలో నిలబడ్డారు.

తాతయ్య నీళ్ల అంచున ఆగి రుమాలు విప్పాడు. నేను రెండు చేతులు చాపాను. ఆయన తల బయట ఎండలో చూడడం నాకు అదే మొదటిసారి. రోజూ పొద్దున్నే వాకిటి మసక వెలుగులో, జుట్టు అంత పలచబడిందని నాకు తెలియలేదు. నేను కట్ట మీది మనుషుల వైపు చూడకుండా గుడ్డను రొమ్ముకు హత్తుకుని నిలబడ్డాను.

ముందు ఆడవాళ్లు మునిగారు. తర్వాత తాతయ్య. అయ్యగారు వీపు కింద చేయి వేసి వెనక్కి వాల్చినప్పుడు, ఆ నిటారు వీపు ఆ చేతి మీదికి ఎంత తేలిగ్గా ఒరిగిందో, ఇప్పటికీ తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. నీళ్లు మూసుకున్నాయి. మళ్లీ లేచాడు.

ఇంతలో గాలి లేచింది. ఆడవాళ్లు తడి బట్టలు మార్చుకోవడానికి తెరగా పట్టాలని తెచ్చిన చీర ఒడ్డు మీది నుంచి ఎగిరి నీళ్లలో పడి లోతుకు కొట్టుకుపోయింది. ఒళ్లంతా తడిసిన ఆడవాళ్లు బయటికి రాలేక మెడ దాకా నీళ్లలోనే కూచుండిపోయారు. చలికి వాళ్ల పళ్లు కొట్టుకోవడం ఒడ్డుకు వినబడుతోంది. కట్ట మీద నుంచి ఒక్కరూ కదలలేదు.

"ఏం జూస్తున్రు, జరుగుండ్రి! ఎన్నడు మనుషుల జూడలేదా?" అని ముసలమ్మ నీళ్లలో నుంచి కేకేసింది.

"నిన్ను జూడనీకెవలొచ్చిండ్రే ముసల్దానా? పటేల్‌ని జూడనీకొచ్చినం" అని పై నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

తాతయ్య ఆ మాట విన్నాడు. నీళ్లు కారుతూ ఒడ్డుకు వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను గుడ్డ అందించాను. ఒక కొస ఆయన తీసుకుని, రోజూ అన్నట్టే, "పట్టుకో బిడ్డా, గట్టిగ" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. రోజూ లాగే వెనక్కి వెనక్కి నడిచి కొస బిగించాను. అప్పుడు తాతయ్య మడత విప్పి గుడ్డను వెడల్పుగా పరిచాడు. తన కొసను తల ఎత్తుకు లేపి పట్టుకుని, నన్నూ లేపమన్నాడు. "ఇటు దిరుగు" అన్నాడు. నీళ్లకు వీపు పెట్టి, కట్ట మీది జనానికి ఎదురుగా, ఉత్త తలతో నిలబడ్డాడు. ఆడవాళ్లను పిలిచి, వచ్చి చీరలు మార్చుకోమన్నాడు.

వాళ్లు మా వెనక్కి వచ్చారు. వాళ్ల తడి చేతులు, తడి భుజాలు గుడ్డకు తగులుతున్నాయి. కింద అంచు బురదలో జీరాడుతోంది. మా నాయన మాట గుర్తుకు వచ్చి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కొస మాత్రం వదల్లేదు.

వెనక నుంచి ముసలమ్మ గొంతు వచ్చింది. "పటేలా, రుమాల్ ఖరాబైతుంది."

"కానియ్. నువ్వు జల్ది కట్టుకో, చలి." మళ్లీ తనే, "పటేలా అనకు. నాకన్న పెద్దదానివి" అన్నాడు.

"గట్లయితె ఏమనాలె?"

"నీ ఇష్టం."

వెనక చప్పుడు ఆగిపోయింది. చీర కుచ్చిళ్ల శబ్దం కూడా లేదు. తర్వాత ముసలమ్మ, తనలో తాను రుచి చూసుకుంటున్నట్టు, మెల్లగా అంది. "మంచిది తమ్మీ. మరి జర పైకి వట్టు, నా నెత్తి కనవడ్తున్నది."

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మా తాతయ్యను పట్టుకుని తమ్మీ అంటుందా అనుకుని ఆయన వైపు తిరిగాను. అంతలో నా పిడికిట్లో గుడ్డ వణికింది. గాలి అనుకున్నాను. గాలి కాదు. తాతయ్య నవ్వుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి, కళ్లలో నీళ్లున్నాయి. ఆ నవ్వు ఆయన చేతిలో బయలుదేరి, గుడ్డంతా దాటి, నా చేతుల్లోకి వచ్చింది. "ఆఁ అక్కా" అని, కొస ఇంకాస్త పైకి లేపాడు.

ఇంటికి వస్తుంటే తడి గుడ్డ ఆయన భుజం మీద ఉంది. నా చేయి ఆయన చేతిలో ఉంది. అంతకు ముందు ఎప్పుడూ పట్టుకోలేదు. గుమ్మంలో మా నాయన ఆయన తల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. "బిడ్డ గట్టిగనే వట్టుకున్నది. నేనే కట్టుకోలే" అన్నాడు తాతయ్య. మాట తప్పానని తనే ఒప్పుకున్నాడు. మా నాయన లోపలికి వెళ్లిపోయాడు. చాలా రోజులు వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు. ఆ తర్వాత మాటలు వచ్చాయి కాని, వాడలోని ఆ రేకుల కప్పు కిందికి మా నాయన ఎప్పుడూ రాలేదు.

మరునాడు పొద్దున అలవాటు కొద్దీ వాకిట్లోకి పోయి నిలబడ్డాను. దండెం మీద ఉతికిన గుడ్డ ఆరి తెల్లగా ఉంది. తాతయ్య దాన్ని తీసి ఒక కొస నాకిచ్చాడు. నాలో మళ్లీ ఆశ లేచింది. ఆయన మడవడం మొదలుపెట్టాడు. నేను ఎదురు నడిచి నా కొస ఆయన చేతిలో పెట్టడం, మళ్లీ వెనక్కి పోవడం. గుడ్డ చిన్నదవుతూ చిన్నదవుతూ చివరికి ఆయన అరచేతిలో ఇమిడింది. అప్పుడు కూడా నా ముఖం ఆయన పంచెకు తగిలింది. దాన్ని తీసుకుపోయి, బాప్తిస్మాలప్పుడు తెరకు పనికొస్తుందని ప్రార్థన జరిగే చోట ఇచ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన కూచోవడం కూడా చాప మీదే. ఊళ్లో కొందరు పటేలా అనడం మానలేదు, ఆయన పలకడం మానలేదు. వాడలో తమ్మీ అని పిలిస్తే మాత్రం తొందరగా పలికేవాడు.

నేను బాప్తిస్మానికి చెరువులో దిగే నాటికి తాతయ్య లేడు. మునిగి లేచి ఒడ్డుకు వచ్చేసరికి, నడుము వంగిపోయిన ముసలమ్మ తాతయ్య రుమాలు ఒక కొస, ఆమె కోడలు ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. ఉతికి ఉతికి గుడ్డ పలచనైంది. దాని వెనక తడి బట్టలతో నిలబడి, బయటి వైపు ఒక ఉత్త తల నీడ కనబడుతుందేమోనని చూశాను.

ఇప్పుడు మా భూములు ఉన్నచోట ప్లాట్ల రాళ్లు పాతారు. మా ప్రార్థన గుడిలో టైల్స్ వేసిన నీళ్ల తొట్టి ఉంది, బట్టలు మార్చుకోవడానికి తలుపులున్న గదులున్నాయి. గుడ్డ పట్టుకునే అవసరం ఎవరికీ లేదు. ప్రార్థనలో తల వంచుతాను కాని, వీపు వంచడం నాకు ఇంకా పూర్తిగా రాలేదు. కొన్నిసార్లు పొద్దున మెలకువ వచ్చేసరికి రెండు చేతులూ పిడికిళ్లు బిగించి ఉంటాయి. వెంటనే విప్పను. అవతలి కొసన ఆయన నవ్వుతాడేమోనని, కాసేపు అలాగే గట్టిగా పట్టుకుని పడుకుంటాను.