తాలు కుప్ప లేని మెషీను

ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారని మా వైపు ఒక మాట ఉంది. మా ఓనరు గారు తాను తాగడమే కాకుండా మా చేత కూడా తాగించారు. గుంటూరు శివార్లలో ఆయనకి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా గుమస్తాని నేను. ఏ రైతు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఏ చాంబర్లో ఏ వరసలో ఉన్నాయో రాసే రిజిస్టరు నాది. నా చేతిరాత చూసి బ్యాంకు వాళ్లు కూడా మెచ్చుకునేవారు. అలాంటిది, ఒక రోజు ఆయన ఓ పాత కంప్యూటరు తెచ్చి, దాన్ని నడపడానికి లినక్స్ అనే ఉచిత సరుకు వేయించి, ఇకనుంచి రిజిస్టరు వద్దన్నారు. నెల రోజుల్లో దాన్ని ఎవరు బాగా నేర్చుకుంటే వాళ్లకే ఆఫీసు కుర్చీ, రెండోవాళ్లు గేటు దగ్గరికి పోవాలన్నారు.

రెండోవాళ్లంటే ఎవరో కాదు, గేటు దగ్గర కూర్చుని లారీలోంచి దిగే టిక్కీలు లెక్కపెట్టే ఆవిడ. నలభై దాటిన మనిషి. ఇల్లు చర్చి వెనక పేటలో. వాళ్లమ్మ మా దగ్గరే రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీ. ఈవిడతో నాకు పోటీయా! ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట అని పైకే అన్నాను. ఆవిడ విననట్టు టిక్కీలు లెక్కపెట్టుకుంటూ ఉంది.

ఆదివారాలు నేర్పడానికి నరసరావుపేట నుంచి ఒక మాస్టారు వచ్చేవాడు. చొక్కా జేబులో నాలుగు పెన్నులు, నోట్లో ఎప్పుడూ లినక్స్ గొప్పలు. బొమ్మ మీద నొక్కితే పని జరిగే రోజుల్లో, నల్లటి తెర మీద అక్షరాలు కొట్టించేవాడు. తప్పు కొడితే మెషీను తెలియదంటుంది. ఒప్పు కొడితే అసలు నోరే విప్పదు.

"ఏమీ అనలేదంటే పని అయినట్టేనండి," అనేవాడు మాస్టారు.

మా ఇంట్లో ఏమీ అనలేదంటే కొంప మునిగినట్టు. ఆ మాటంటే ఆయన నవ్వనైనా నవ్వలేదు.

ఆవిడ మాత్రం నోటుబుక్కు కొనుక్కొచ్చి ప్రతి కమాండూ రాసుకునేది. ఎల్ఎస్ కొడితే ఏమేం ఫైళ్లున్నాయో కనబడతాయి, సీపీ కొడితే నకలు తయారవుతుంది, ఆర్ఎం కొడితే ఫైలు పోతుంది. వీటిని పెదాలు కదుపుతూ ఎక్కాల్లా వల్లె వేసేది. మాస్టారు మా ఇద్దరికీ చెరో ఫోల్డరు ఇచ్చాడు. టిక్కీల లిస్టు నా దాంట్లో ఉండేది. దాన్ని ఆవిడ చూడొచ్చు గానీ మార్చకూడదు. రోజూ సాయంత్రం గేటు మూశాక వచ్చి ఏదో కొట్టి పోయేది.

"రోజూ ఏం చేస్తున్నావమ్మా?" అనడిగాను ఒకసారి.

"మీ లిస్టుకి నకలు తీసుకుంటన్నానండి. చేతికి అలవాటవుద్దని."

"ఎందుకూ, అన్నంలో నంజుకోడానికా?"

ఆవిడ వెళ్లాక ఆ ఫోల్డరు తెరవబోయాను. అనుమతి లేదంది మెషీను. ఇరవై రెండేళ్ల సర్వీసున్న నన్ను గేటు మనిషి ఫోల్డరు బయట నిలబెట్టింది. ఒళ్లు మండిపోయింది.

నెలాఖరున ఓనరు పరీక్ష పెడతానన్న రోజు వచ్చింది. నేర్చుకునేటప్పుడు నేను పుట్టించిన పిచ్చి ఫైళ్లు నా ఫోల్డరు నిండా ఉన్నాయి. అవి ఆయన కంటపడకూడదు. ఆర్ఎం కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెడితే అన్నీ ఒకేసారి పోతాయని మాస్టారు చెప్పి ఉన్నాడు. ఆ తర్వాత ఏదో జాగ్రత్త కూడా చెప్పాడు గానీ అప్పుడు నేను టీ తాగుతున్నాను. నా లెక్క నాది. కాయలు ఏరేటప్పుడు తాలుని ఎవరూ పారేయరు. పక్కన కుప్ప పోస్తారు, దానికీ కొనేవాడుంటాడు. పొరపాటున మంచి కాయ అందులో పడితే మళ్లీ ఏరుకోవచ్చు. ఈ మెషీనులోనూ ఎక్కడో తాలు కుప్ప ఉంటుంది, వాటితో పాటు పోయే లిస్టుని అందులోంచి తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నాను. కొట్టాను. మెషీను ఏమీ అనలేదు.

ఎంత వెతికినా కుప్ప కనబడలేదు. మాస్టారికి ఫోను చేస్తే, "ఇంక రాదండి అది," అన్నాడు తాపీగా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని.

అప్పుడే పర్చూరు రైతు ఒకాయన లారీతో దిగాడు. వరండాలో ఓనరుతో, "నా టిక్కీలు తీయించండయ్యా, మధ్యాహ్నానికి మార్కెట్ యార్డులో ఉండాల," అంటున్నాడు. నాలుగు చాంబర్లలో వేల టిక్కీలున్నాయి. ఆయనవి రిజిస్టరు ఆపేశాక వచ్చినవి, ఎక్కడున్నాయో చెప్పే కాగితం ముక్క లేదు.

రైతు చీటీ ఇవ్వడానికి ఆవిడ లోపలికొచ్చింది. నా ముఖం చూసింది, ఖాళీ తెర చూసింది.

"కాస్త జరగండి సార్," అంది.

తన పేరు కొట్టి, తన ఫోల్డర్లోంచి నిన్న సాయంత్రపు నకలు తీసి తెర మీద పెట్టి, పక్కకి లేచి నిలబడింది. నేను కుర్చీలో కూర్చునే సరికి ఓనరు లోపలికొచ్చారు. నేను తెర చూసి చదివాను, మూడో చాంబరు, ఏడో వరస అని.

"సరేనయ్యా, నీకు వచ్చేసింది. ఇంకా పరీక్షెందుకు, కుర్చీ నీదే," అన్నారు ఓనరు.

ఆవిడ అక్కడే ఉంది. లిస్టు నాది కాదండి, ఆవిడదని ఒక్క ముక్క అంటే చాలు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ మాస్టారి మీద గానీ ఆ మెషీను మీద గానీ నాకు అంత అసహ్యం ఎన్నడూ కలగలేదు, ఆ పూట నా మీద నాకు కలిగినంత. అయినా కుర్చీలోంచి లేవలేదు.

సాయంత్రం గేటు మూశాక ఆవిడ వచ్చి నోటుబుక్కు నా బల్ల మీద పెట్టింది.

"లిస్టు మీరూ చూసేట్టు పెట్టానండి, నకలు తీసుకోండి. సీపీ ఎట్టా కొట్టాలో మూడో పేజీలో ఉంది. నాకింక గేటే కదా, తర్వాత నా ఫోల్డరు మాస్టారు చేత తెరిపించుకుని తీసెయ్యండి. తీసెయ్యడం మీకు వచ్చుగా."