డిసెంబరు దాకా ఒకటే బరువు

మా ఆయన్ని ఆస్పత్రిపాలు చేసింది నేను వడ్డించిన ఆవకాయేనని, ఇదే ఊళ్ళో అటు చివర సెంబవాంగ్‌లో ఉండే మా ఆడపడుచు ఊరంతా చెప్పింది. మొన్న వినాయకచవితికి మా ఇంటికొచ్చినవాళ్ళు పులిహోరని కూడా అనుమానంగా వాసన చూసి మరీ తిన్నారు. ఆయన ఆవకాయ తిన్నాడు, కాదనను. ఒక్క ముక్క. సరే, రెండు. కానీ ఆ జాడీని పోయినసారి విజయవాడ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందెవరో కూడా ఆవిడే చెప్పాలి కదా!

అసలు సంగతి వేరు. మా ఆయన గుండె బలహీనపడి రెండేళ్ళయింది. రక్తాన్ని సరిగ్గా తోయలేకపోతోంది, అందుకని ఒంట్లో నీరు చేరుతుంది. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి, రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోవాలి అన్నాడు డాక్టరు. ఉన్నట్టుండి రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలి. ఉప్పు సంగతి నేను చూసుకున్నాను. బరువు సంగతి ఆయనకి వదిలేశాను. అదీ నా తప్పు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన మనిషి కాగితం మీద రాస్తాడా? ఎక్సెల్ షీటు తెరిచాడు. రంగులు, గ్రాఫు, పక్కనే మందుల ఖర్చు, టాక్సీ ఖర్చు.

జబ్బు బయటపడ్డ ఏడాదే ఆయన కాంట్రాక్టు అయిపోయింది, దాంతో కంపెనీ ఇన్సూరెన్సూ పోయింది. మాది పీఆర్, అంటే శాశ్వత నివాసం మాత్రమే, పౌరసత్వం కాదు కాబట్టి ఇక్కడి పౌరులకిచ్చేంత రాయితీ మాకు రాదు. మందుల డబ్బా తెరిచినప్పుడల్లా నగలపెట్టె తెరిచినట్టు అటూ ఇటూ చూసేవాడు. అప్పుడే మళ్ళీ విజయవాడ వెళ్ళిన ఆడపడుచు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అవే మాత్రలు ఇక్కడ బోలెడు చవక. నెలాఖరుకి వస్తూ తెస్తాలే."

నెలాఖరు దాకా సరిపడా మాత్రలు లేవు. ఈయనగారు నాకు చెప్పకుండా ఒక్కో మాత్రనీ రెండు ముక్కలు చేసి రోజుకో ముక్క మింగడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున బూట్లు కాళ్ళకి పట్టలేదు.

"ఈ ఊరి తేమకి తోలు బిగుసుకుపోయిందే" అన్నాడు.

"రెండు కాళ్ళవీనా?"

"జతే కదా. ఒకేసారి కొన్నాం."

కాళ్ళు చూస్తే నొక్కినచోట గుంట పడుతోంది. చోవా చూ కాంగ్‌లోని మా ఇంటి నుంచి ఆస్పత్రి క్లినిక్‌కి టాక్సీలో తీసుకెళ్ళాను. మా అమ్మాయి కూడా వచ్చింది. నర్సు ఆయన ఫోన్లో షీటు చూసి మురిసిపోయింది. "అంకుల్, సూపర్! నెలంతా ఒక్క గ్రాము తేడా లేదు!" అంటూ వేలితో ఇంకాస్త జరిపి ఆగిపోయింది. "అంకుల్, రేపటి బరువు కూడా ఉందే?"

మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "నాన్నా! ఒక్కసారి బరువు వేసి, ఆ సెల్ పట్టుకుని కిందకి డ్రాగ్ చేసేశావా? డిసెంబర్ దాకా అదే అంకె ఉంది లా!" అంది ఇక్కడి యాసలో.

"ట్రెండ్ స్టేబుల్‌గానే ఉంది కదా అని..." అన్నాడు మా బ్యాంకు మేధావి.

తూకం మీద నిలబెడితే షీటులో కన్నా అయిదు కిలోలు ఎక్కువ. మందులు వేసుకుంటున్నారా అని నర్సు అడిగితే, వేసుకుంటున్నానన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, వారం రోజులుగా నా కూరగాయల కత్తికి అంటుకుంటున్న తెల్లటి పొడి.

"మాత్ర మొత్తం వేసుకుంటున్నారా?" అన్నాను.

"...సగం."

నర్సు మొహంలో ఆ మురిపెం పోయింది. "మందులకి ఇబ్బందైతే మాకు చెప్పాలి అంకుల్, దానికి వేరే దారులున్నాయి. మీ సగం మాత్రకి ఇప్పుడు ఒక మంచం, రోజూ ఇంజెక్షన్లు, ముగ్గురు నర్సులు కావాలి. ఆ మంచం కోసం బయట ఇంకో అంకుల్ కూర్చునున్నారు."

ఆస్పత్రిలో ఆరు రోజులున్నాడు. మొదటి రాత్రి ఆయన ఊపిరి ఆడక కూర్చునే నిద్రపోతుంటే నేనేమనుకున్నానో ఎవరికీ చెప్పను. ఆడపడుచు మాత్రలు తెచ్చేసరికి, వాటితో మిగలాల్సిన దానికి ఎన్నో రెట్లు బిల్లులో పోయింది. ఆ బిల్లు కూడా మంచంలోనే కూర్చుని షీటులోకి ఎక్కించాడు.

ఇంటికొచ్చాక షీటంతా చదివాను. ఆస్పత్రి కాంటీన్లో తాగిన కాఫీ కూడా ఉంది. చివర్లో 'ఇతరములు' అని ఒక నిలువు వరస, ప్రతి రోజుకీ ఎదురుగా సున్నా.

"ఇదేంటండీ?"

"అది నీది."

"నాదా?"

"నువ్వు ఆఫీసుకి పెట్టిన సెలవులు, విడిగా వండిన చప్పటి కూరలు, అలాంటివి."

"మరి సున్నా ఏంటి?"

"నువ్వు బిల్లు ఇవ్వలేదు కదే!"

ఇప్పుడు రోజూ పొద్దున నేనే ఆయన్ని తూకం ఎక్కిస్తున్నాను, ఫ్రిజ్‌కి అంటించిన కాగితం మీద పెన్నుతో రాస్తున్నాను. మాత్ర నా కళ్ళముందే మింగాలి, నోరు తెరిచి చూపించాలి. అడిగినవన్నీ చేస్తున్నాడు గానీ ఒక్క ప్రశ్నకి మాత్రం ఇప్పటికీ జవాబు చెప్పడు. ఆ సున్నా రోజూ ఆలోచించి వేశాడా, లేక అది కూడా ఒక్కసారి వేసి డిసెంబరు దాకా లాగేశాడా?