సాయిలు అడగలేకపోయిన మాట

2006లో నా దగ్గరికి వచ్చేనాటికి సాయిలుకి ముప్పై రెండేళ్లు. బుద్ధి ఎదుగుదల ఏడేళ్ల దగ్గరే ఆగిపోయిందని ఎవరో డాక్టరు రాసిచ్చిన చీటీ తెచ్చారు. ఆ చీటీ చూస్తే నాకు ఒళ్లుమంట. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచుతూ పదేళ్లుగా నెగ్గుకొస్తున్న మనిషిని ఏడేళ్ల పిల్లాడంటే ఎలా? చదవడం రాదుగానీ, బ్యాగు తగిలించుకుని బిక్కమొహంతో బస్సు దిగినవాణ్ణి ఇట్టే పసిగట్టేవాడు. కాగితం వాడి చేతిలోనే పెట్టేవాడు. తండ్రి ఐలయ్య పక్కనే నిలబడి కట్టలు విప్పి అందించేవాడు.

ఆ ఐలయ్య గుండెపోటుతో పోయాడు. దినాలు అయ్యేదాకా సాయిలుని కృష్ణానగర్‌లో మేనత్త ఇంట్లో ఉంచి, నాయిన ఊరికి పోయిండని చెప్పారు. తిరిగొచ్చాక సాయిలు కాగితాలు పంచడం మానేశాడు. పొద్దస్తమానం బస్టాపులోనే నిలబడి, దిగేవాళ్ల మొహాలు చూసేవాడు. ఇంటికి రమ్మని లాగితే తన చెయ్యి తానే కొరుక్కునేవాడు.

అప్పుడు తల్లి సీతాబాయి పంజాగుట్టలో నేను కౌన్సెలింగ్ చేసే గదికి తీసుకొచ్చింది. ఏమైనా చెయ్యండి గానీ నిజం మాత్రం చెప్పొద్దని కాళ్లావేళ్లా పడింది.

"వాడు తట్టుకోడు, మేడం."

ఇరవై ఏళ్ల అనుభవమున్న అరుణాదేవి గారు, అంటే నేనే, తలూపాను. సిగ్గుచేటు.

ప్రతి బుధవారం వచ్చేవాళ్లు. కోపమొస్తే పది అంకెలు లెక్కపెట్టడం నేర్పాను. నేను ఏది అడిగినా తల్లే జవాబు చెప్పేది. సాయిలు ఆమె మొహం చూసి "అవు" అనేవాడు. ఇలాంటివాళ్లు ఎదుటివాళ్ల మెప్పుకోసం దేనికైనా అవునంటారని, వాళ్లనే విడిగా అడగాలని పదిమందికి పాఠం చెప్పేదాన్ని. నా గదిలో నేనే మర్చిపోయాను. కొరుక్కోవడం తగ్గేసరికి ఫైల్లో 'మెరుగు' అని రాసుకుని మురిసిపోయాను కూడా.

ఎనిమిది నెలలు గడిచాక ఒక బుధవారం సీతాబాయికి జ్వరమొచ్చింది. పక్కింటాయన సాయిలుని దించి వెళ్లాడు. మొదటిసారి ఇద్దరమే ఉన్నాం. ఏమీ అడగకుండా టీ తెప్పించాను. సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"మేడం, నాయిన నా మీద అలిగిండా? నేను కాగితాల కట్ట వానల పడేసిన. గందుకేనా వస్తలేడు?"

వారం వారం నా ఎదురుగా కూర్చుని ఈ మనిషి మోస్తున్నది ఇదా! నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఇక దాచలేదు. నాయిన చనిపోయాడని, గుండె ఆగిపోయిందని, ఇంక రాడని ఉన్నదున్నట్టు చెప్పాను. కట్ట తడిసినందుకు కాదు కదా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కాదన్నాను. అప్పుడు ఏడ్చాడు, చాలాసేపు.

కళ్లు తుడుచుకుని తలుపు దాకా వెళ్లి, మళ్లీ నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మకు ఎరుక లేదు మేడం. నాయిన ఊరికి పోయిండనే అనుకుంటుంది. నువ్వు చెప్పకు, ఏడుస్తది."