ఎలీషబా లాటిన్ ఉద్యోగం

బట్టలుతకడానికి నీళ్ళు కావాలి, సౌడుమట్టి కావాలి, నొప్పి దాచుకోగల నడుం కావాలి. లాటిన్ అక్కర్లేదు. ఉతికే మనిషికి మర్యాద కావాలనేసరికి మాత్రం లాటిన్ దాకా పోవలసివచ్చింది. ఇది మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండగా, గిద్దలూరు దారి పక్కన ఒక మిషన్ ఆసుపత్రిలో జరిగిన సంగతి.

ఆ ఆసుపత్రికి పన్నెండు మంచాలు, ఒక దొరసాని డాక్టరు, ఎండాకాలంలోనూ అడుగు కనపడని ఒక బావి ఉండేవి. ఊరి చాకలి యల్లయ్య మొదటి వారం దుప్పట్ల మూట ఎత్తుకుపోయాడు. రెండో వారం తెచ్చి వసారాలో దించాడు.

"దొరసానమ్మా, పురుటిబట్టలు ఉతుకుతా, చచ్చినోళ్ళ బట్టలు ఉతుకుతా. ఇవి మాత్రం నా వల్ల కాదు. మీరేమో ఒకే మంచం మీద నిన్న కోమటాయన్ని పండబెడతారు, ఇయ్యాల మాదిగపల్లె ముసలాయన్ని పండబెడతారు. ఈ మూట ముట్టినానని తెలిస్తే రేపు రెడ్డిగారింట్లో నాకింత అన్నం పెట్టరు."

దొరసాని ఆదివారం గుడిలో అడిగింది, విశ్వాసుల్లో ఈ పని చేసేవారెవరని. అందరూ ఒక్కసారిగా పాటల పుస్తకాలు తెరిచారు. సంఘపెద్ద ప్రకాశరావు మర్నాడు ఆసుపత్రికొచ్చి చెప్పాడు. "మా తాతలు తోళ్ళు చేసినారమ్మా. ప్రభువు కృపతో అందులోనించి బయటపడినాం. ఇప్పుడు చాకలి పనా? అది మా కులం పని కాదు." క్రీస్తునందు కులం లేదని ఆయన చెప్పింది ఆదివారం. ఇది సోమవారం.

ఆ మాటలు వసారా స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఎలీషబా విన్నది. ఆమెది పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె. మొగుడు కలరాతో పోయినాక మరిది గుడిసె వాసాలు కూడా పీక్కుపోయాడు. జ్వరంతో ఆసుపత్రికొచ్చింది. జ్వరం తగ్గి పది రోజులైనా, పోవడానికి చోటులేక ఆ స్తంభం దగ్గరే ఉండిపోయింది.

"నేనుతుకుతానమ్మా," అన్నది. "బావి ఎనకమాల గది ఒకటి ఉండాది గదా, అందులో పండుకోనియ్యి."

అట్లా ఆమెకు పనీ, కప్పూ ఒకేసారి దొరికాయి. గదిలో సగం మూటలకు, సగం ఆమె చాపకు. నెల తిరిగేసరికి పల్లెలో ఆమెకు కొత్త పేరు కూడా దొరికింది: చాకలెలీషబా. గుడిలో ఆమె కూర్చుంటే పక్కనున్న ఆడవాళ్ళు కాస్త జరిగి కూర్చునేవాళ్ళు. అందులో ద్వేషమేమీ లేదు. తమకంటే కిందకి ఒకరు దొరికారన్న సంతోషం, అంతే.

దీనికి బాధపడినవాడు ఆసుపత్రి గుమాస్తా సత్యానందం ఒక్కడే. ఆయన ఆదివారాలు ప్రసంగాలు కూడా చేసేవాడు. ఆయన దగ్గర మద్రాసులో కొన్న లాటిన్ నిఘంటువు ఒకటి ఉండేది. దాని ముందు సగాన్నీ, చివరి భాగాన్నీ చెదలు తిన్నాయి. మిగిలింది ఎల్ నుంచి ఎస్ దాకా. అందుచేత సత్యానందం పాండిత్యం కూడా ఎల్‌తో మొదలై ఎస్‌తో ముగిసేది. రోమా సామ్రాజ్యం చాకిరేవు గురించి చెప్పదలచిన మాటలు ఎక్కువ భాగం ఆ పేజీల్లోనే ఉండటం ఎలీషబా అదృష్టమో, దురదృష్టమో.

"పేరులోనే ఉందమ్మా అవమానమంతా," అన్నాడు. "పేరు మార్చేద్దాం."

మార్కాపురంలో పలకలకు కరువా? అరడజను తెచ్చి సుద్దతో రాసి వేలాడదీశాడు. ఉతికే బండ దగ్గర 'లవాక్రం', అంటే స్నానఘట్టం. సౌడు నీళ్ళ కాగు మీద 'లిక్సీవియం', క్షారజలం. రక్తం, చీము అంటిన గుడ్డలు వేసే తొట్టి మీద 'సోర్డెస్', మాలిన్యం. ఉతికి మడిచిన దుప్పట్ల అర మీద 'లింటియా', నారబట్టలు. మంచం తడిపినవాళ్ళ దుప్పట్ల తొట్టి మీద 'లోతియం'. గది తలుపు మీద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, 'లోత్రిక్స్'.

"ఈ లోతియం అంటే ఏందయ్యా?" అని ప్రకాశరావు అడిగాడు.

సత్యానందం సిగ్గరి. "రోమావాళ్ళు బట్టలు ఉతకడానికి వాడిన ఒక రకం నీళ్ళండీ," అన్నాడు. అబద్ధం కాదు. నిజం కూడా పూర్తిగా కాదు. ప్రకాశరావుకు ఆ మాట నోటికి బాగా అమరింది. వరసగా మూడు ఆదివారాలు కళ్ళు మూసుకొని, గొంతు వణికిస్తూ ప్రార్థించాడు: "ప్రభువా, నీ లోతియముతో ఈ సంఘమంతటినీ కడుగుము!" సంఘమంతా ఆమేన్ అన్నది. వెనక వరసలో ఎలీషబా మాత్రం కొంగు నోట్లో కుక్కుకున్నది. సత్యానందం పైకప్పు చూశాడు.

దొరసానికి ఈ పలకలు తమాషాగా తోచి, అమెరికాకు పంపే ఏడాది నివేదికలో 'మా లోత్రిక్స్' గురించి రెండు వాక్యాలు రాసింది. అక్కడి పుణ్యాత్మురాలెవరో మురిసిపోయి, లోత్రిక్స్ గారికని ఒక తెల్లటి పైగౌను పంపింది. గుండెల మీద ఎర్రదారంతో ఆ మాట కుట్టి ఉంది.

గౌను వచ్చిన వారానికే ప్రకాశరావుకు ఒక ధర్మసందేహం వచ్చింది. ఆసుపత్రి కమిటీలో లేచి నిలబడ్డాడు. "లాటిన్ హోదా ఉన్న ఉద్యోగమమ్మా అది. ఓనమాలు రాని మనిషి చేతిలో పెట్టినాం. రేపు అమెరికా దొరలొచ్చి చూస్తే సంఘానికి మాటొస్తది. మా కోడలు యేసుమణి అయిదో తరగతి పాసయింది. గది కూడా ఆ పిల్లకే ఇస్తే..."

గది అనే మాట తలుపవతల ఉన్న ఎలీషబా చెవిన పడింది. చేతిలో దుప్పటి పిండటం ఆగిపోయింది.

కమిటీలో నలుగురూ ప్రకాశరావు వైపే తలలూపారు. దొరసాని కాసేపు కలం కొరికి, "పరీక్ష పెట్టుదము," అన్నది. బైబిలు తెలుగులోనే మాట్లాడేది ఆమె. "మాటల అర్థము ఎవరు సరిగా చెప్పుదురో వారిది పని."

పరీక్ష వసారాలో పెట్టారు. యేసుమణి ముందుగానే గౌను తొడుక్కొచ్చింది, పాపం, మామ తొడిగించాడు. జాబితా అంతా బట్టీ పట్టించింది కూడా ఆయనే. కంట్లో మందు వేయించుకోవడానికి వచ్చిన యల్లయ్య మెట్టు మీద కూర్చున్నాడు. ఎలీషబా పలకల్లో ఒక్క అక్షరం చదవలేదు. ఏ పలక దేని మీద వేలాడుతుందో మాత్రం తెలుసు. సత్యానందం ఆ పేర్లు రోజూ పలుకుతూనే ఉంటాడు కదా.

"లవాక్రం?" అన్నాడు సత్యానందం.

"స్నానఘట్టము," అన్నది యేసుమణి.

"బావికాడ బండ," అన్నది ఎలీషబా.

"లిక్సీవియం?"

"క్షారజలము."

"సౌడు నీళ్ళు. చేతులు ఇట్ల పగుల్తాయి, చూడండి." ఎలీషబా చేతులు చాపింది. యేసుమణి ఆ చేతుల్ని చూసి తన చేతులు గౌను జేబుల్లో దాచుకున్నది.

"సోర్డెస్?"

"మాలిన్యము."

"రకతం, చీము, పియ్యి. నిన్న మూడో మంచమాయనకి కురుపు పగిలింది గదా, ఆ గుడ్డలు పొద్దున్నే..."

"చాలు, చాలు!" అన్నాడు ప్రకాశరావు. కోడలి మొహం పాలిపోవడం ఆయన చూశాడు. ధైర్యం చెప్పడానికి తనకిష్టమైన మాటే అందుకున్నాడు. "లోతియం అడగవేమయ్యా, సత్యానందం?"

సత్యానందం చెమట తుడుచుకున్నాడు. యేసుమణి గుక్కతిప్పుకోకుండా, "పరిశుద్ధ జలము," అన్నది. "ఆమేన్," అన్నాడు మామ.

"ఉచ్చ," అన్నది ఎలీషబా.

ప్రకాశరావు చివ్వున ఆమె వైపు తిరిగాడు.

"ఉచ్చదుప్పట్లు ఏసే తొట్టికే గదా ఆ పలక ఉండేది! నేనబద్ధం చెప్తే పంతులయ్యని అడగండి."

అందరూ సత్యానందం వైపు తిరిగారు. "రోమా చాకళ్ళు... వీధుల్లో కుండలు పెట్టి పట్టేవాళ్ళండీ... మురికి బాగా వదులుతుందని..." అని నేలకేసి చెప్పాడు. మూడు ఆదివారాల ప్రార్థన అందరికీ ఒక్కసారే జ్ఞాపకమొచ్చింది. దొరసాని ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకొని చాలాసేపు దగ్గింది.

"ఇంక ఒకటే," అన్నాడు సత్యానందం నీరసంగా. "లోత్రిక్స్?"

"ప్రక్షాళకురాలు," అన్నది యేసుమణి వినీ వినపడకుండా.

ఎలీషబా ప్రకాశరావు కళ్ళలోకి సూటిగా చూసింది. "చాకల్ది. ఆ గౌను మీద ఎర్రదారంతో కుట్టింది అదే పెద్దయ్యా. మీ కోడలు గుండెల మీద 'చాకల్ది' అని ఉండాది."

ప్రకాశరావు ఏదో అనేలోపు మెట్టు మీద నుంచి యల్లయ్య లేచాడు, మందు కారుతున్న కన్ను మూసుకొని. "ఏమే, ఎవరిచ్చినారే నీకా పేరు? చాకలితనం మా తాతముత్తాతల్ది. కనిపించినోళ్ళంతా పెట్టుకునేదానికా? కులపెద్దలకి చెప్తా!"

"ఈ బట్టలు ముట్టనని మూట దించి పోయినోడివి నువ్వే గదా యల్లయ్య మామా. పేరు నీ కాడనే పెట్టుకో, నాకొద్దు. మూట నాది. ఆ గది నాది."

యేసుమణి గౌను ముడి విప్పి మడిచి బెంచీ మీద పెట్టింది. మామ వైపు చూడకుండా, "అక్కా, నాకు మొదట్నించీ ఇష్టం లేదు," అని లోపలికి పోయింది. ప్రకాశరావు ఆలోచించి, ఇది ప్రభువు చిత్తం కాదని తేల్చాడు. ఆయనకు ఇష్టం లేనివాటిలో ప్రభువు చిత్తం ఎప్పుడూ ఉండేది కాదు.

రిజిస్టరులో హోదా ఏమని రాయాలన్నది మాత్రం మిగిలింది. చాకలి అంటే యల్లయ్య కులపెద్దలు వస్తారు. లోత్రిక్స్ అంటే ఇంకో పెద్దమనిషి కోడలు వస్తుంది. సత్యానందం నిఘంటువు తెరవబోయాడు, ఎస్ పేజీల్లో ఇంకా మంచి మాట ఉందని.

"ఒద్దయ్యా, నీకు దండం," అన్నది ఎలీషబా. తడికొంగుతో తలుపు మీద పలకను రెండుసార్లు తుడిచింది. తక్కిన పలకల్నీ వరసగా తుడిచింది. ఆమె తుడిస్తే మరక మిగలదు. దొరసాని హోదా గడిలో 'ఎలీషబా' అని రాసుకున్నది.

ఆ గదిలో ఆమె ఇరవై మూడేళ్ళున్నది. బట్టలెక్కడ వెయ్యాలని కొత్తవాళ్ళడిగితే, పలక మీద ఏమీ రాయని గదికి పొమ్మనేవాళ్ళు. ప్రకాశరావు కడపటి రోజుల్లో పక్షవాతంతో వచ్చి, అయిదో మంచం మీద నాలుగు నెలలు పడుకున్నాడు. రోజూ తెల్లవారగానే ఎలీషబా ఆయన దుప్పటి తీసి, ఉతికిన దుప్పటి తానే పరిచేది. ఆయన సిగ్గుతో గోడవైపు మొహం తిప్పుకునేవాడు.

"ఏం కాదులే పెద్దయ్యా," అనేది ఎలీషబా, తడి దుప్పటి చంకలో పెట్టుకుంటూ. "లోతియమే గదా."