ఆ ‘నువ్వు’ నాదే

మా మేడ మీద వాటాలో రెండేళ్ళపాటు ఒక మలేషియా అమ్మాయి అద్దెకు ఉంది. పెదవేగి దగ్గర పామాయిల్ తోటల పని మీద వచ్చింది. మా తాతగారి రోజుల్లో దెందులూరు పక్క ఊళ్ళో మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడిచేవారట. అలాంటి ఇంటివాణ్ణి ఏలూరులో వాటా అద్దెకిచ్చుకున్నానంటే నామోషీ. అందుకని ఎవరడిగినా ‘మా అతిథి’ అని చెప్పేవాణ్ణి.

ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచి తన దేశపు యుద్ధవిద్య నేర్చుకున్న మనిషి. ఇక్కడికొచ్చాక సాధన లేక చేతులు మర్చిపోతున్నాయని దిగులుపడేది. ఏలూరులో ఒక కరాటే క్లాసుకు వెళ్తే అందరూ ఎనిమిదేళ్ళ పిల్లలే. మీ పాప ఎవరండీ అని అక్కడి తల్లులు అడిగారట. తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు పైన ఇంకో క్లాసుందని బస్సెక్కి వెళ్ళింది. లేడీస్ బ్యాచ్ లేదండీ, పదిమంది చేరితే పెడతాం అని టీ ఇచ్చి మరీ పంపేశారు.

అప్పుడు నేను ఊరుకోవలసింది. కర్రసాము అంటే ఈ చుట్టుపక్కల మా కుటుంబం పేరే చెప్పాలని అన్నాను. మా తాతగారు సాధనకు గోదా వేయించి సాముగాళ్ళను పోషించిన మాట నిజమే. కానీ మా ఇంట్లో ఎవరూ ఏనాడూ కర్ర పట్టలేదు. పట్టినవాళ్ళు కాపలాగా మా ముందు నడిచేవారు. ఆ సంగతి చెప్పలేదు. వాళ్ళలో పెద్దవాడి కొడుకు కొల్లేరు అంచున ఒక ఊళ్ళో ఇంకా సాము నేర్పుతున్నాడని, నేను చెబితే కాదనడని మాత్రం చెప్పాను.

ఆ అమ్మాయికి తెలుగు నేర్పింది కూడా నేనే. సాయంత్రాలు వరండాలో నోటుబుక్కు పట్టుకుని కూర్చునేది. పెద్దవాళ్ళను ‘మీరు’ అనాలి, మొదటి పాఠం. ఒకసారి ద్వారకా తిరుమల క్యూలో ఒక ముసలావిడ ‘నువ్వే దిక్కు స్వామీ’ అనడం విని వచ్చి, దేవుడు పెద్ద కాదా అని అడిగింది. ఆయన్ను మించిన పెద్ద లేడు, అందుకే ఆయన్ను ‘నువ్వు’ అంటాం అని చెప్పాను. నా జవాబుకు నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ఆమెకు స్కూటీ ఉంది. ఆడపిల్ల వెనక కూర్చోవడానికి మనసొప్పక ఆటో మాట్లాడాను. చేపల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు, పక్కన మేత బస్తాలు, ముందు చదును చేసిన నేల. ఏడెనిమిది మంది కర్రలు తిప్పుతున్నారు. నేర్పే ఆయన రోజంతా ఆ చెరువుకు కాపలా ఉంటారు, పొద్దున పూట సాము నేర్పుతారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ‘ఆయన’ అంటున్నాను. మా ఇంట్లో ఎప్పుడూ ‘వాడే’.

మా నాన్నగారు పిలిచినట్టే గట్టు మీద నుంచి పిలిచాను. “ఒరేయ్, ఉన్నావా?”

“రండి బాబుగారూ” అంటూ వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి వేశారు. నువ్వు ఇంకా బాగానే ఉన్నావే అని పలకరించాను. ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి ముందుకు వచ్చింది. 

“గురువుగారూ, నువ్వు నాకు కర్ర నేర్పుతావా?”

కర్రలు ఆగిపోయాయి. మేత బస్తాల దగ్గర నిలబడిన ఆయన కోడలు చిన్నగా నవ్వింది. “బాబుగారింటి మనిషేనండోయ్. మాటలోనే తెలుస్తోంది.”

ఆయన కోడలి వైపు చూడలేదు. “ఈ మాట ఎవరు నేర్పారమ్మా మీకు?” అని అడిగారు.

“అంకుల్ గారు” అంది ఆ అమ్మాయి, ఎంతో గౌరవంగా నన్ను చూపించి.

అందరూ నా వైపు చూశారు. నేను నవ్వేశాను. “దానికి భాష రాదులే. ఎంత చెప్పినా తలకెక్కదు. నువ్వేం పట్టించుకోకు.”

“పర్లేదండీ” అన్నారాయన. “మాటొచ్చాక రమ్మనండి. ఇక్కడ ముందు మాట, ఆ తర్వాతే కర్ర.” ఆ మాట ఆమెతో అనలేదు, నాతో అన్నారు. ‘అండీ’ ఎక్కడా తప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె నోటుబుక్కు తెరిచి, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటూ మెల్లగా చెప్పింది. “ఆయన మీకంటే పెద్ద. అయినా మీరు ‘నువ్వు’ అన్నారు. పెద్దవాళ్ళలో దేవుడికి మాత్రమే ‘నువ్వు’ అని మీరే చెప్పారు. గురువు కూడా దేవుడితో సమానమేమో అనుకున్నాను.” 

ఆటో చప్పుడు వల్ల వినబడనట్టు ఊరుకున్నాను.

“తలకెక్కదు అంటే ఏమిటి అంకుల్ గారూ?”

నెమ్మదిగా నేర్చుకుంటుంది అని అర్థం చెప్పాను. ఆమె దాన్ని రాసుకుంది. రాసుకుని థాంక్స్ చెప్పింది.

ఆ వారమంతా మేడ మెట్ల మీద ఆ అమ్మాయి గొంతు వినబడుతూనే ఉంది. మీరు నేర్పుతారా, మీరు నేర్పుతారా అండీ, మీరు దయచేసి నేర్పుతారా అండీ. కింద కాఫీ తాగుతూ వినేవాణ్ణి. తప్పు తనదేనని నమ్మి దిద్దుకుంటోంది. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఆదివారం స్కూటీ వెనక నేనే ఎక్కి కూర్చున్నాను. దారిలో తెలిసినవాళ్ళు ఇద్దరు చూశారు.

గట్టు మీద నిలబడి “ఏవండీ” అన్నాను. ఆయన బస్తా సర్దుతున్నారు, తిరగలేదు. మళ్ళీ పిలిచాను. ఈసారి నన్ను చూశారు. చూసి, తన వెనక ఎవరొచ్చారోనని తిరిగి చెరువు వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు.

“ఎవర్నండీ బాబుగారూ?”

“మిమ్మల్నే. ఆవేళ్టి మాట ఈ అమ్మాయిది కాదు. నాది.”

ఇంకా చాలా చెప్పాలని వారం రోజులుగా మాటలు కూర్చుకున్నాను. ఆ రెండు ముక్కలతోనే సరిపెట్టాను. ఆయన నా ముఖంలోకి చూసి, ఆమె వైపు తిరిగారు. “చెప్పులు అక్కడ విడిచి రండమ్మా.”

ఆమె నేలకు దణ్ణం పెట్టింది. ఆయన ఒక వెదురు కర్ర ఇచ్చి, మొదటి అడుగు వేయించి, సాధన చెయ్యమన్నారు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి కుర్చీ తెచ్చారు. అదే తువ్వాలుతో తుడిచారు.

“కూర్చోండి బాబుగారూ.”

కూర్చున్నాను. కూర్చున్న తర్వాత గాని తెలియలేదు, నా చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఆయన నా పక్కనే ఎండలో నిలబడి ఆమె అడుగులు దిద్దుతున్నారు. అక్కడ ఉన్నది ఒకటే కుర్చీ. గంటసేపు అలాగే జరిగింది. నేను లేచి ‘మీరు కూర్చోండి’ అంటే సరిపోయేది. ఆ అమ్మాయికి మొదటి పాఠంలో నేర్పిన మాటలే అవి.