హెబ్రోను బొటనవేలు

మైపాడు పక్కన రొయ్యల గుంటల్లో ఏరియేటర్ ఆగిపోతే ముందు హెబ్రోనుకే కబురు వెళ్లేది. నీళ్లలోకి గాలి కొట్టే ఆ చక్రాలు కాసేపు తిరగకపోయినా రొయ్యలు చచ్చి తేలతాయి. అతను మోటారు విప్పి, బెల్టు బిగించి, చక్రం తిరగడం కళ్లారా చూశాకే ఇంటికి వెళ్లేవాడు.

రెండువేల ఇరవై ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల తోటి పనివాళ్లెవరూ రాలేకపోయారు. అన్ని గుంటలూ హెబ్రోను మీదే పడ్డాయి. ఒక ఉదయం కరెంటు పోయింది కదా అని స్విచ్ కట్టేయకుండానే బెల్టు సరిచేస్తున్నాడు. ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. కుడిచేతి బొటనవేలు తెగి గట్టు మీద పడింది.

భార్య కెజియా వేలిని తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఐసు డబ్బాలో ఉంచింది. పక్కింటి చిన్నపోలయ్య తన ఆటో తీశాడు. దారిలో పోలీసులు ఆపారు గాని, చేతికట్టు మీది రక్తం చూసి వదిలేశారు.

నెల్లూరులో వాళ్లు చేరిన ఆసుపత్రి నిండా జ్వరం రోగులే. ప్లాస్టిక్ సర్జరీ నేర్చుకుంటున్న భానుప్రియ అనే డాక్టరు కోవిడ్ వార్డు నుంచి వచ్చింది. ఆమెకు నేర్పే పెద్ద డాక్టరు తనకే కోవిడ్ సోకి క్వారంటైన్‌లో ఉన్నాడు. ఆమె డబ్బా తెరిచి చాలాసేపు చూసింది.

"వేలు బాగానే ఉందన్నా, అతికించవచ్చు. కాని వెంట్రుకంత రక్తనాళాల్ని మైక్రోస్కోపు కింద కుట్టాలి. పక్కన నిలబడి చూశానే గాని నేనెప్పుడూ చేయలేదు. నేర్చుకోవలసిన టైములో వార్డులో వేశారు."

"మీరే చేయండి మేడం. పోతే పోతాది," అన్నాడు హెబ్రోను.

ఆమె సరేనని పైవాళ్లను అడిగింది. హెబ్రోను కోవిడ్ పరీక్ష ఫలితం రానిదే ఆపరేషన్ థియేటర్ తెరిచేది లేదన్నారు. చెన్నైలో పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే సరిహద్దు దాటే పాస్ తెచ్చుకోమన్నారు. సాయంత్రానికి కూడా ఫలితం రాలేదు. వేలు నల్లబడింది. భానుప్రియ గాయం మూసి కుట్లు వేసింది. వేలున్న కవర్ తిరిగి ఇచ్చేటప్పుడు కెజియా ముఖం వైపు చూడలేకపోయింది. వాళ్లు దాన్ని ఇంటి వెనక ఇసుకలో పూడ్చిపెట్టారు.

పెద్ద డాక్టరు కోలుకున్నాక, కాలివేలు తీసి చేతికి అమర్చవచ్చని, కేసులు తగ్గితే పిలుస్తానని చెప్పాడు. ఆ మాట పట్టుకుని హెబ్రోను ఒక ఏడాది బతికాడు. రెండో వేవ్‌లో ఆయన చనిపోయాడు. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. భానుప్రియ చదువు ముగించి వేరే ఊరు వెళ్లిపోయింది. వెళ్లేముందు ఫోన్ చేసి, పట్టా చేతికొచ్చింది గాని ఆ ఆపరేషన్ మాత్రం తనకింకా రాదని చెప్పింది.

హెబ్రోను ఎడమచేత్తో స్పానర్ తిప్పడం నేర్చుకోబోయాడు, పట్టు నిలవలేదు. యజమాని వేరే మెకానిక్‌ని పెట్టుకుని అతన్ని పక్షుల కాపలాకు మార్చాడు. రొయ్యల మీదికి దిగే కొంగల్ని రేకు వాయించి తోలడం ఆ పని.

మొన్నీమధ్య నెల్లూరికి కొత్త సర్జన్ వచ్చాడని ఎవరో చెబితే కెజియా చీర మార్చుకుని అతన్ని బయలుదేరదీసింది.

"ఇంక నన్ను తిప్పమాక, కెజియా," అన్నాడు హెబ్రోను.

నెల్లూరు బస్సు వచ్చి, వాళ్లు ఎక్కకుండానే వెళ్లిపోయింది. అతను రేకు తీసుకుని గుంటల వైపు నడిచాడు.