అన్నిటికీ అవే చేతులు

మంచిర్యాల మార్కెట్ రోడ్డులో నర్మదది మ్యాచింగ్ సెంటర్. చీరకు సరిపోయే జాకెట్ ముక్క వెతికివ్వడం ఆమె వ్యాపారం. ఇబ్బంది పెట్టే మెసేజ్‌కు సరిపోయే జవాబు చెప్పడం సంఘసేవ. ముక్కల దగ్గర గంటసేపు బేరమాడే ఆడవాళ్లు జవాబుల దగ్గర మాత్రం బుద్ధిగా తలూపేవారు. ముక్కలకైతే వంద రంగులున్నాయి గానీ నర్మద దగ్గర జవాబు ఒక్కటే: రెండు చేతులు జోడించిన బొమ్మ.

ఒకరోజు పక్క వీధి రచన ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె స్నేహితురాలు జుట్టు కత్తిరించుకుని, ఫోటో పంపి, ఎలా ఉందో నిజం చెప్పమని అడిగింది.

"నిజం చెప్తె మాట్లాడదక్కా. బాగుందంటె నన్ను గూడ గా పార్లర్‌కే గుంజుకపోతది."

"చేతులు పెట్టు," అంది నర్మద, లైనింగ్ గుడ్డ కొలుస్తూ.

"జుట్టుకు దండమేందక్కా?"

"అవుననుకుంటె అవును, కాదనుకుంటె కాదు. నీదేం పోతది?"

నిజంగానే ఏమీ పోలేదు. ఆ స్నేహితురాలు మురిసిపోయింది. గోడ మీది పిల్లి ఎటు దూకుతుందో ఎవరు చెప్పగలరు! అప్పటినుంచీ పుట్టినరోజుకు, పెళ్లికి పోనందుకు, వారం రోజులు పలకనందుకు, అన్ని రోగాలకూ అదే గోలీ.

పెళ్లిళ్ల సీజన్‌లో, దుకాణం కిటకిటలాడుతుండగా, కాగజ్‌నగర్ నుంచి అజీజా మెసేజ్ వచ్చింది. "అమ్మీ పోయింది."

నర్మదకు ఊరంతా పరిచయమే. స్నేహితురాలంటే మాత్రం అజీజా ఒక్కతే. ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అప్పుడు అజీజా వాళ్లు మంచిర్యాలలోనే ఉండేవారు. బడి వదలగానే అజీజా వాళ్లమ్మ, అదే అమ్మీ, పెట్టిన ఖిచిడీ, పుల్లటి ఖట్టా తిన్నాకే నర్మద ఇంటికి పోయేది. అబద్ధమెందుకు, ఆ రెండు మాటలు చూడగానే ఆమె కళ్లు చెమర్చాయి. ఏం రాయాలో తోచలేదు. ఎదురుగా ఒకావిడ నెమలికంఠం రంగు ముక్క కోసం ప్రాణం తీస్తోంది. వేలు అలవాటైన బొమ్మ మీదికే పోయింది. తీరిగ్గా ఫోన్ చేద్దామనుకుంది. ఆ తీరిక ఎంతకీ రాలేదు.

వచ్చింది అజీజా రెండో మెసేజ్.

"అమ్మీ పోయిందంటె చేతులు పెట్టినవ్. మొన్న నీ చీర బాగుందన్నందుకు గూడ గవే చేతులు. ఇగ నాకు మెసేజ్ పెట్టకు నర్మదా."

వైద్యురాలికే జ్వరం వచ్చింది. నర్మద రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. దుకాణంలో పని ఎక్కువ అని రాస్తే తనకే సిగ్గేసింది. చివరికి ఫోన్ పట్టుకుని రచన దగ్గరికి నడిచింది.

రచన చదివి, గురువుకే పాఠం చెప్పే అవకాశం దొరికినందుకు వెలిగిపోయింది. "గింతదానికి పరేషాన్ ఎందుకక్కా? రెండు చేతులు పెట్టు, అయిపాయె!"

నర్మద జీవితంలో మొదటిసారి ఆ సలహా ఎంత దరిద్రంగా ఉంటుందో విన్నది.

మర్నాడు దుకాణానికి తాళం వేసి రైలెక్కింది. పెళ్లిళ్లవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది.

తలుపు తీసిన అజీజా పక్కకు జరగలేదు.

"మెసేజ్ పెట్టకన్న గదనే?"

"పెట్టలే. వచ్చిన."

అంతే, కూర్చుకున్న మాటలన్నీ గడప బయటే రాలిపోయాయి. దిక్కుతోచక, నర్మద చేతులు రెండూ వాటంతట అవే జోడించుకున్నాయి.

అజీజా వాటివైపు చూసింది. "ఇంటికొచ్చి గూడ గవేనా?"

నర్మద చేతులు దించబోయింది. ముఖమంతా నీళ్లే. అజీజా పక్కకు జరిగి, తలుపు పూర్తిగా తీసింది.

"రా లోపటికి. జర చూసుకో, గా కుర్చీల మాత్రం కూసోకు. అమ్మీది."